అంటు, దూరం, ప్రయాణం: మహమ్మారి కాలాల్లో రైలు, బస్సు ప్రయాణికుల ప్రవర్తన (1896–2020)

వ్యాససంగ్రహం: మహమ్మారి వచ్చినప్పుడు ప్రయాణికుడి నడవడి మారుతుందన్నది అందరికీ తెలిసినదే. అతడు దేనికి స్పందించి మారతాడన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. 1896–97 నాటి బొంబాయి ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, 2020 నాటి కోవిడ్ సందర్భాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు, రోగభయం కంటె తనిఖీ జరిగిన తీరూ, ప్రయాణికుడి చేతిలోని టికెట్టు తరగతీ అతని ప్రవర్తనను ఎక్కువగా నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్లేగు, అంటువ్యాధి, మూడవ తరగతి, రైల్వే తనిఖీ, భౌతికదూరం, శ్రామిక్ రైళ్లు, ప్రజారవాణా.

1. ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుండి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం ఉంది. ఆయన పల్లకిలో వెళ్లాడు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ యాత్రలో ఆయన ఎన్నో ఊళ్లు చూశాడు, ఎందరినో కలిశాడు. అయితే ముక్కూ మొగమూ తెలియని మనిషి భుజానికి భుజం ఆనించి తెల్లవార్లూ కూర్చోవలసిన అవసరం ఆయనకు కలగలేదు. ఆయనతో నడిచిన గుంపు ఆయన కుదుర్చుకున్న గుంపే.

1853లో బొంబాయి–ఠాణాల మధ్య, 1856లో మద్రాసు రాయపురం నుండి, 1874లో వాడి–సికింద్రాబాదుల మధ్య రైళ్లు నడవడం మొదలైన తరువాత ఈ దేశంలో కొత్త మనిషి ఒకడు పుట్టాడు. అతని పేరు తోటి ప్రయాణికుడు. అతని కులం తెలియదు, ఊరు తెలియదు, ఒంట్లో జ్వరముందో లేదో తెలియదు. మూడణాలో ఆరణాలో పెట్టి టికెట్టు కొన్న ఎవరికైనా ఆ చెక్కబల్ల మీద చోటు ఉంటుంది. మడి కట్టుకున్నవాడూ, ఆ మడికి దూరంగా ఉండవలసినవాడూ ఒకే బల్లపై కూర్చోవడం అప్పటి సమాజానికి చిన్న విషయం కాదు.

ఇక్కడ తెలుగుపదం ఒకటి మనకు దారి చూపుతుంది. ‘అంటు’ అనే మాట నుండే ‘అంటువ్యాధి’ వచ్చింది, ‘అంటరానితనం’ కూడా వచ్చింది. అంటుకోవడం రోగలక్షణం ఎప్పుడయింది, కులనియమం ఎప్పుడయింది అని ఈ రెండు మాటలను విడదీయడం సులభం కాదు. కనుక మన ప్రాంతంలో మహమ్మారి కాలపు ప్రయాణాన్ని చర్చించేటప్పుడు ‘దూరం’ అనేది వైద్యులు కొత్తగా నేర్పిన పాఠమన్నట్టు మొదలుపెట్టలేము. ఈ దూరానికి ముందే చరిత్ర ఉంది. తెలంగాణలో కలరాకు వాడిన ‘గత్తర’ అనే పేరు క్రమంగా తొట్రుపాటుకూ కలవరానికీ పేరైపోయిన సంగతి కూడా గమనించదగినది. రోగం పోయినా దాని వెంట వచ్చిన పరుగు భాషలో నిలిచిపోయింది.

2. బొంబాయి ప్లేగు: ప్లాట్‌ఫారం మీద వరుస

1896 సెప్టెంబరు 23న బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తించాడు. ఆ నగర జనాభా 1891 లెక్కల ప్రకారం ఎనిమిది లక్షల ఇరవై వేలకు పైన. 1897 ఫిబ్రవరి నాటికి అందులో దాదాపు సగంమంది ఊరు విడిచి వెళ్లిపోయారని నాటి అంచనాలు. ఇంత తక్కువకాలంలో ఇంతమందిని తరలించగల సాధనం అప్పటికి రైలొక్కటే. మిల్లు కార్మికులు, రేవు కూలీలు, దుకాణదారులు మూటాముల్లె కట్టుకొని స్టేషన్లకు చేరారు. ప్లేగు ప్రయాణికుడిలో తెచ్చిన మొదటి మార్పు ప్రయాణాన్ని మానడం కాదు, ప్రయాణానికి ఎగబడడం. ఆధునిక అధ్యయనాలు మహమ్మారిని ఎక్కువగా ‘ప్రయాణికుల తగ్గుదల’గానే చూస్తాయి. ఆ చూపు తరువాతి దశకు వర్తిస్తుందేమో గాని మొదటి దశకు వర్తించదు.

1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. అది చాలా చిన్న చట్టం. అయినా దాని రెండవ సెక్షను రైలును పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. రైలులోగాని మరొక విధంగాగాని ప్రయాణించేవారిని తనిఖీ చేయడానికి, రోగముందని తనిఖీ అధికారి అనుమానించినవారిని ఆసుపత్రిలోనో తాత్కాలిక వసతిలోనో వేరుచేసి ఉంచడానికి అది అధికారమిచ్చింది. ‘అనుమానించిన’ అన్న మాట చాలా బలమైనది. రోగం ఋజువు కానక్కరలేదు, అధికారి అనుమానం చాలు.

బొంబాయి నుండి లోపలికి వెళ్లే మార్గంలో కల్యాణ్ వంటి జంక్షన్లు తనిఖీ స్థానాలయ్యాయి. రైలు ఆగగానే మూడవ తరగతివారిని కిందికి దించి వరుసగా నిలబెట్టేవారు. వైద్యాధికారి ముఖం, నాలుక చూసి, జ్వరమేమైనా ఉందేమోనని పరీక్షించి, మెడ, చంకలు, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడిమేవాడు. స్త్రీలను ఇలా నలుగురిలో పరీక్షించడం తీవ్రమైన ఆగ్రహాన్ని రేపింది. ఆ తరువాతనే తెరలు, మహిళా వైద్యులు కొన్నిచోట్ల వచ్చారు. పైతరగతి ప్రయాణికుల తనిఖీ చాలావరకు పెట్టెలోనే, మర్యాదగా, పైపైన ముగిసేది. రోగం టికెట్టు చూసి రాదు. తనిఖీ మాత్రం టికెట్టు చూసే వచ్చింది.

దీనికి ప్రయాణికులు స్పందించిన తీరు అధికారుల నివేదికల్లో ఫిర్యాదుగా కనిపిస్తుంది. తనిఖీ స్టేషను రాకముందే దిగి, దానిని చుట్టుకొని నడిచి, అవతల మళ్లీ రైలెక్కేవారు. కొందరు రైలును విడిచి పడవల్లో, ఎడ్లబండ్లలో పోయారు. బయలుదేరిన ఊరిపేరు దాచారు. జ్వరం తగిలినవాణ్ణి నలుగురి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోయారు. అధికారులు దీన్ని అజ్ఞానమన్నారు, మొండితనమన్నారు. నిదానంగా చూస్తే అందులో లెక్క ఉంది. శిబిరానికి తీసుకుపోయిన మనిషి తిరిగి వస్తాడో రాడో తెలియదు. వచ్చేదాకా కూలి ఉండదు, మూట దొరుకుతుందన్న నమ్మకం లేదు. శిబిరంలో ఎవరు వండినది తినాలో అదొక బాధ. రోగం రావచ్చు, రాకపోవచ్చు. పట్టుబడితే జరిగేది మాత్రం నిశ్చయం. ఆ రెండింటిలో ఏది తప్పించుకోదగినదో మూడవ తరగతి ప్రయాణికుడు సరిగానే తేల్చుకున్నాడు.

మద్రాసు రాజధానిలో మరొక పద్ధతి అమలయింది. దాన్ని ప్లేగు పాస్‌పోర్టు అన్నారు. ప్లేగు ఉన్న ప్రాంతం నుండి వచ్చిన ప్రయాణికుడికి ఒక కాగితం ఇచ్చి, అతడు చేరిన ఊళ్లో పదిరోజులపాటు రోజూ అధికారి ముందు హాజరు కావాలని నియమం పెట్టారు. బొంబాయి నుండి వచ్చే రైలుమార్గం రాయచూరు దాటి గుంతకల్లు, గుత్తి, కడపల మీదుగా మద్రాసుకు పోతుంది కనుక ఈ కాగితం రాయలసీమ పల్లెలకూ చేరింది. ప్రయాణం స్టేషనులో ముగియక, దిగిన తరువాత మరో పదిరోజులు సాగడం ఇక్కడ కొత్తదనం. గ్రామోద్యోగి దృష్టిలో ఆ మనిషి ఇంకా రైలు దిగనట్టే.

ఆధారాల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తనిఖీలపై ఆనాటి పత్రికల్లో వచ్చిన నిరసనలను మనం ప్రజల గొంతుగా చదువుతుంటాం. వాటిలో గణనీయమైన భాగం చదువుకున్న, ఉద్యోగాలున్న కుటుంబాలది. గౌరవనీయులను కూలీలతో పాటు ఒకే వరుసలో నిలబెట్టారన్నది వాటిలో తరచుగా వినిపించే బాధ. అంటే ఆ ఆక్షేపణ తనిఖీ మీద కాదు, వరుస మీద. అదే వరుసలో పక్కన నిలబడిన కూలీ ఏమనుకున్నాడో ఆ పత్రికలు రాయలేదు. అతని అభిప్రాయం మనకు అతని నడక ద్వారానే, తనిఖీ స్టేషనును చుట్టుకొనిపోయిన ఆ నడక ద్వారానే తెలుస్తున్నది.

1897 జూన్ 22న పూనాలో ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగిన తరువాత, మరుసటి ఏడాది అల్లర్లు పెరిగిన తరువాత ప్రభుత్వం బలప్రయోగం నుండి క్రమంగా వెనక్కి తగ్గింది. ఆ రాజకీయచరిత్ర విస్తృతంగా చర్చకు వచ్చినదే కనుక ఇక్కడ వివరించడం లేదు.

3. ధాన్యపు బస్తా

ప్రయాణికుల చంకలు తడిమిన ఆ రోజుల్లో ప్లేగు ఎలా వ్యాపిస్తుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ కనుగొన్నాడు. ఎలుక నుండి చిన్న పురుగు (ఎలుక ఒంటిమీద బతికే రెక్కలు లేని పురుగు) ద్వారా అది మనిషికి చేరుతుందని 1898లో సైమండ్ ప్రతిపాదిస్తే నమ్మినవారు తక్కువ. 1905లో మొదలైన ప్లేగు పరిశోధక సంఘం ప్రయోగాలతోనే అది స్థిరపడింది.

ఈ విషయం తెలిసిన తరువాత కల్యాణ్ ప్లాట్‌ఫారాన్ని మళ్లీ చూస్తే దృశ్యం తలకిందులవుతుంది. బిళ్లలు కట్టే ప్లేగు మామూలుగా మనిషి పక్కన మనిషి కూర్చున్నంత మాత్రాన అంటదు. ఎలుకలూ వాటి పురుగులూ ధాన్యపు బస్తాల వెంట, గోనెసంచుల వెంట, సరకు పెట్టెల్లో హాయిగా దేశం తిరుగుతాయి. ప్రయాణికులను దించి వరుసలో నిలబెట్టిన అదే స్టేషనులో పక్క పట్టాల మీద గూడ్సు బండి ఆగకుండా పోయి ఉంటుంది. బట్టల మూటలకు పొగబెట్టడంలో కొంత ప్రయోజనం ఉండవచ్చు. మనుషులను తడమడంలో దొరికినది స్వల్పం. వర్తకాన్ని ఆపడం ప్రభుత్వానికి నష్టం, మూడవ తరగతి ప్రయాణికుణ్ణి ఆపడం నష్టం కాదు. తెలియనితనం ఒక్కటే దీనికి కారణమనడం నాకు తృప్తినివ్వదు. తెలియనప్పుడు ఎవరిని ముందుగా అనుమానించారన్నది కూడా చూడాలి.

4. 1918: ఎవరూ ఆపని రైలు

ఇన్‌ఫ్లుయెంజా 1918 జూనులో బొంబాయిలో కనిపించింది. యుద్ధం నుండి తిరిగివచ్చే సైనికుల ఓడల రేవు అది. తొలి విడత తేలికగా పోయి, సెప్టెంబరులో రెండవది భయంకరంగా వచ్చింది. అక్టోబరు 6న ఒక్కరోజే బొంబాయిలో 768 మంది మరణించారు. దేశం మొత్తంమీద మృతులు కోటి ఇరవై లక్షలకు తక్కువ కాదని ఎక్కువమంది అంచనా. ఈ రోగం నిజంగా ఊపిరి ద్వారా, దగ్గు తుంపరల ద్వారా అంటేది. కిక్కిరిసిన మూడవ తరగతి పెట్టె దానికి అనువైన చోటు. రైళ్లే దాన్ని ఊరూరికి చేర్చాయని ఆనాటి ఆరోగ్యాధికారులే గుర్తించారు.

అయినా 1897 నాటి తనిఖీ వరుసలు 1918లో ఆ స్థాయిలో కనిపించవు. యుద్ధానికి రైళ్లు కావాలి. తడిమి పట్టుకోవడానికి ఈ జ్వరానికి బిళ్లలు లేవు. పైగా పాత చేదు అనుభవం ఉంది. అవసరం లేనప్పుడు ఉన్న తనిఖీ, అవసరమైనప్పుడు లేకపోయింది. ఫలితంగా 1918 నాటి భారతీయ ప్రయాణికుడి ప్రవర్తన గురించి మనకు దొరికే సమాచారం కూడా చాలా తక్కువ. తప్పించుకోవడానికి నియమమే లేనప్పుడు తప్పించుకున్నవారి మీద నివేదికా ఉండదు.

ఆ పెట్టెలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి గాంధీ 1917 సెప్టెంబరులో రాసిన మూడవ తరగతి రైలుప్రయాణ వ్యాసం ఉంది. బొంబాయి నుండి మద్రాసుకు మెయిలులో వచ్చిన అనుభవమది. ఇరవై ఇద్దరికని రాసి ఉన్న పెట్టెలో అంతకు మించి జనం ఎక్కడం, శుభ్రత లేని మరుగుదొడ్లు, కూర్చోవడానికి చోటులేక నిలబడినవారు, ఇవన్నీ చెప్పి, ఈ స్థితిలో ప్లేగు దేశంలో స్థిరపడిపోవడం వింత కాదన్నాడు. ఏడాది తిరగకుండా ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆయన చూసిన పెట్టెల్లోనే అది ప్రయాణించింది.

అదే ఏడాది అమెరికా నగరాల్లో అనుసరించిన మార్గం పోల్చదగినది. న్యూయార్క్‌లో సబ్‌వే రద్దీని తగ్గించడానికి దుకాణాల, కార్యాలయాల, కర్మాగారాల వేళలను ఒకదానికొకటి తప్పించి మార్చారు. సియాటిల్‌లో మాస్కు లేనివారిని ట్రాము ఎక్కనివ్వలేదు. మొదటిది రద్దీని ప్రయాణికుడి తప్పుగా కాక, నగరం తయారుచేసిన స్థితిగా చూసింది. ఈ ఆలోచన మనదగ్గర అప్పుడు రాలేదు. వందేళ్ల తరువాత కూడా అరకొరగానే వచ్చింది.

5. 2020: ఎవరికి వారే తనిఖీదారు

2020 మార్చి 22 అర్ధరాత్రి నుండి దేశంలో ప్రయాణికుల రైళ్లు ఆగాయి. బ్రిటిషు కాలంలో ప్లేగు ఉద్ధృతంగా ఉన్నప్పుడు కూడా ఇలా జరగలేదు. రాష్ట్రప్రభుత్వాలు ఆంక్షలు విధించడానికి వాడినది మళ్లీ 1897 నాటి ఆ రెండవ సెక్షనే. హైదరాబాదులో వసతిగృహాల్లో ఉన్న విద్యార్థులు, ఉద్యోగులు పోలీసు అనుమతి పత్రాలు పట్టుకొని బయలుదేరి, గరికపాడు తనిఖీ కేంద్రం దగ్గర ఆగిపోయారు. ఒక ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని మరొక ప్రభుత్వం ఒప్పుకోలేదు, పద్నాలుగు రోజులు వేరుగా ఉండాలన్నది. ప్లేగు పాస్‌పోర్టు చరిత్ర తెలిసినవారికి ఇందులో పేర్లు తప్ప కొత్తదేమీ కనిపించదు.

ఆ ఏడాది మే 1 వేకువన లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1200 మంది కార్మికులతో దేశంలోని మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అంతకు రెండురోజుల ముందు సంగారెడ్డి దగ్గర కంది నిర్మాణస్థలంలో కార్మికులు తమను ఇంటికి పంపమని ఆందోళన చేశారు. 72 మంది పట్టే పెట్టెలో 54 మందిని కూర్చోబెట్టారు. బహుశా జీవితంలో మొదటిసారి వారిలో చాలామంది జనరల్ పెట్టె ఇరుకు లేకుండా ప్రయాణించి ఉంటారు. ఆగస్టు చివరివరకు 4,600కు పైగా శ్రామిక్ రైళ్లు 63 లక్షలమందిని చేరవేశాయి. అప్పటికే కాలినడకన వెళ్లినవారు ఈ లెక్కలోకి రారు. 1896లో బొంబాయి కార్మికుడు చేసినది కూడా ఇదే. రోగం పెరుగుతుందని తెలియగానే అతడు ఇంటి దారి పట్టాడు. తేడా ఏమిటంటే, అప్పుడు రైలు ఉండి దారిలో తనిఖీ ఉంది. ఇప్పుడు ముందు రైలే లేదు.

బస్సులు తిరిగి మొదలైన క్రమం కూడా గమనించాలి. తెలంగాణ జిల్లాల్లో మే 19న, ఆంధ్రప్రదేశ్‌లో మే 21న ఆర్టీసీ బస్సులు కదిలాయి. హైదరాబాదు మెట్రో సెప్టెంబరు 7న తెరుచుకుంటే, నగర బస్సులు సెప్టెంబరు 25న, అదీ నాలుగోవంతు మాత్రమే వచ్చాయి. ఎంఎంటీఎస్ రైళ్లకు 2021 జూను దాకా ఆగవలసి వచ్చింది. ఎక్కువ చార్జీ ఉన్నది ముందు, అందరికన్నా తక్కువ చార్జీ ఉన్నది చివర. జనం ఎక్కువగా ఎక్కే వాహనంలో ప్రమాదం ఎక్కువ అనే వాదన దీని వెనుక ఉంది, అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కాని ఇళ్లలో పాచిపని చేసే స్త్రీ, సెక్యూరిటీ కాపలాదారు, కూరగాయలమ్మి ఆ నెలలన్నీ పని మానుకోలేదు. షేర్ ఆటోలో ఎప్పటిలాగే ఇరుక్కొని, బస్సు చార్జీకి ఎన్నోరెట్లు ఇచ్చుకొని వెళ్లారు. బైకు కొనగలిగినవారు బైకు కొన్నారు. ‘ప్రయాణికులు ప్రజారవాణాను విడిచి సొంతవాహనాలకు మారారు’ అని మనం రాసే వాక్యంలో ఈ స్త్రీకి చోటు లేదు.

రెండు రాష్ట్రాల మధ్య బస్సుల ఒప్పందం 2020 నవంబరు 2న కుదిరింది. అంతకుముందు దసరాకు ఇరువైపుల బస్సులూ సరిహద్దు దాకానే వచ్చాయి. ప్రయాణికులు అక్కడ దిగి, అవతలికి వెళ్లి, మరో బస్సెక్కారు. అడ్డంకికి ముందు దిగి, కాలినడకన దాటి, మళ్లీ బండెక్కడం ప్లేగుకాలపు ప్రయాణికుడికి తెలిసిన విద్యే. అప్పుడు దాన్ని నేరమన్నారు, ఇప్పుడు ఏర్పాటన్నారు.

కోవిడ్ తెచ్చిన నిజమైన కొత్తదనం మరొకచోట ఉంది. ఈసారి తనిఖీదారు పని ప్రయాణికుడికే అప్పగించారు. మాస్కు, ఫోనులో ఆరోగ్య సేతు, చేతికి శానిటైజరు, సీటు మీద ‘ఇక్కడ కూర్చోవద్దు’ గుర్తు. ప్రయాణికుడు తననూ, పక్కవాణ్ణీ తనే పరీక్షించుకోవాలి. మన బస్సు ప్రయాణానికి ఒక అలిఖిత మర్యాద ఉంది. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు ఆ మనిషిదే. ముగ్గురి సీటులో నాలుగో మనిషికి ‘కొంచెం జరగండి’ అంటే చోటు వస్తుంది. ‘ఎక్కడిదాకా?’ అన్న ప్రశ్నతో మొదలైన మాట పులిహోర పొట్లం విప్పేదాకా సాగుతుంది. ఆ రోజుల్లో ఎవరి తువ్వాలూ ఎవరూ ముట్టుకోలేదు. దగ్గు వచ్చినవాడు అందరివైపు చూసి, మాస్కు సరిచేసుకొని, పొలమారిందని సంజాయిషీ చెప్పుకున్నాడు. 1897లో అధికారి అనుమానించాడు. 2020లో పక్కసీటు అనుమానించింది.

‘సామాజిక దూరం’ అనే అనువాదం మీద తెలుగులో అభ్యంతరాలు వచ్చి, ‘భౌతికదూరం’ అనే మాట ముందుకు రావడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. అంటు, అంటరానితనం ఒకే ధాతువు పంచుకున్న భాషలో ఆ అభ్యంతరం కేవలం పదచర్చ కాదు.

ఈసారి కూడా జాగ్రత్త కొంతకాలం పొరపాటు చోట నిలబడింది. కడ్డీలు పట్టుకోకూడదన్నారు, సీట్లు కడిగారు, నోట్లు తుడిచారు. రోగం ప్రధానంగా గాలిలో ఉందన్న సంగతి ఆలస్యంగా స్థిరపడింది. ఆ లెక్కన కిటికీలన్నీ తెరిచి, దుమ్ము కొడుతూ పోయే పల్లెవెలుగు బస్సు, తలుపులు మూసుకున్న ఏసీ బస్సు కంటె కొంత మేలైనదే. అయినా జనం నమ్మకం మాత్రం ఏసీ బస్సు మీదే ఉండిపోయింది. శుభ్రతను మనం తరగతితో కొలిచే అలవాటు 1897 నాటిదే.

6. మిగిలినవి

భయం చాలా త్వరగా పోయింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక బస్సుల్లో నిలబడడానికి చోటు కరువైంది. ముగ్గురి సీటులో మళ్లీ నలుగురు కూర్చుంటున్నారు. 2020లో ఆ సీటు మధ్యలో గుర్తు ఉండేదని ఎవరూ తలచుకోరు. ప్రవర్తన శాశ్వతంగా మారిపోతుందని 2020లో రాసిన అనేక జోస్యాలు నిలవలేదు. తిరిగి రానివి మరికొన్ని ఉన్నాయి. ఏసీ పెట్టెల్లో దుప్పట్లు 2022 మార్చిలో వచ్చాయి. అనవసర ప్రయాణాలను తగ్గించడానికని 2020 మార్చి 20న ఆపిన వయోవృద్ధుల చార్జీ రాయితీ ఆ దుప్పట్లతో రాలేదు.

చట్టంలో కూడా ఒక మార్పు జరిగింది. 1897 నాటి రెండవ సెక్షను రైలులో ప్రయాణించే ‘వ్యక్తుల’ తనిఖీ గురించి మాట్లాడింది. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ తనిఖీ చేయదగిన వాటిలో బస్సును, రైలును, విమానాన్ని చేర్చింది. వాటి మధ్యలో సరకు వాహనం పేరు కూడా ఉంది. బొంబాయి నుండి ధాన్యపు బస్తాలు బయలుదేరిన నూటఇరవైమూడేళ్లకు అది ఆ చట్టంలోకి ఎక్కింది.